స్కోపు జీరో నిలవడం లేదా? బేసు విప్పి ముందు వైపు స్క్రూ పొడవు కొలవండి

చెన్నైలో స్థిరపడిన కొన్ని తెలుగు కుటుంబాల్లో తాతల నాటి వేట రైఫిళ్లు ఇంకా భద్రంగా ఉన్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వాటికి అడవితో పని లేకుండా పోయింది. లైసెన్సు చేతికి వచ్చిన వారసులు ఇప్పుడు వాటిని రేంజికి తెచ్చి కాగితం మీద గురి చూసుకుంటున్నారు. ఆ పాత రైఫిలు మోయడానికి బరువుగా ఉంటుంది కనుక దాని మీదికి తేలికపాటి అల్యూమినియం మౌంటు కొంటారు. మౌంటు అంటే స్కోపును, అంటే గురి దుర్భిణిని, రైఫిలుకు పట్టించే భాగాలు: రైఫిలుకు బిగించే బేసు, దాని మీద స్కోపు గొట్టాన్ని పట్టే రింగులు. రెండు మూడు వారాలు గడవక ముందే జీరో, అంటే గురి పెట్టిన చోటే తూటా పడేలా చేసిన అమరిక, నిలవడం లేదంటూ నా దగ్గరికి తెస్తారు. అప్పటికే స్కోపు ఒకసారి మార్చి ఉంటారు, తూటాల రకం కూడా మార్చి ఉంటారు. బేసును మాత్రం విప్పి ఉండరు, ఎందుకంటే దాన్ని చేరాలంటే స్కోపునూ రింగులనూ దించి మళ్లీ మొదటి నుంచి జీరో చేసుకోవాలి. ఆ శ్రమకు వెనుదీసినంత కాలం ఈ జబ్బు దొరకదు.

లక్షణం: ఐదు తూటాలు రెండు గుంపులుగా పడతాయి

మూడు తూటాలు ఒకచోట, మిగిలిన రెండు దానికి పైనో పక్కనో మరోచోట, రెండూ చిన్న గుంపులే. టర్రెట్ (స్కోపు గురిని జరిపే మర) తిప్పి సరిచేస్తే ఆ రోజుకు బాగానే ఉంటుంది, తరువాతి వారం మళ్లీ పక్కకు పోతుంది. తూటాలు చెదిరిపోకుండా గుంపుగా పడుతున్నాయంటే బ్యారెల్‌లోనూ తూటాలోనూ పెద్ద దోషం లేదని అర్థం. ఏదో ఒక భాగం రెండు స్థానాల మధ్య అటూ ఇటూ కదులుతోంది. ఎంత కదిలితే చాలో లెక్క వేసి చూడండి. రెండు రింగుల మధ్య దూరం 120 మిల్లీమీటర్లు అనుకుంటే, ముందు రింగు కింద 0.05 మిల్లీమీటరు కదలిక వచ్చినా 100 మీటర్ల దగ్గర తూటా దాదాపు 42 మిల్లీమీటర్లు తప్పుతుంది. తల వెంట్రుక మందమంత కదలికను వేళ్లతో పట్టుకుని ఊపితే కనిపెట్టలేము. అందుకే "గట్టిగానే ఉందండీ, ఊపి చూశాను" అన్న మాటను నేను సాక్ష్యంగా తీసుకోను.

కారణం: బిగిసినట్టు నమ్మించే ముందు స్క్రూ

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఏడిపించినది ఇదే. చాలా బోల్ట్ రైఫిళ్లలో బేసు ముందు వైపు స్క్రూ రంధ్రం, రిసీవర్‌లో (బోల్టు నడిచే ఉక్కు భాగంలో) బ్యారెల్ బిగిసి ఉన్న చోటికి సరిగ్గా పైన ఉంటుంది. ఆ రంధ్రం అడుగున ఉండేది బ్యారెల్ మరలే. స్క్రూ అవసరానికి మించి పొడవుగా ఉంటే దాని తల బేసును నొక్కక ముందే కొన బ్యారెల్‌కు తగిలి ఆగిపోతుంది. ఆలెన్ కీకి గట్టిగా తగులుతుంది, టార్క్ డ్రైవర్ కూడా సరిపోయిందని టక్కుమంటుంది. కానీ ఆ బిగువంతా స్క్రూకీ బ్యారెల్‌కీ మధ్యనే ఉంటుంది, బేసు మీద ఏమీ పడదు. బేసు ముందు భాగం వెనుక స్క్రూల పుణ్యాన నిలబడి, కాల్చిన ప్రతిసారీ కొద్దిగా లేచి పడుతుంటుంది. వెనుక రంధ్రాలు బోల్టు నడిచే దారిలోకి తెరుచుకునే రైఫిళ్లలో అక్కడి పొడవు స్క్రూ బోల్టుకు గీసుకుని వెంటనే తన తప్పు చెప్పేస్తుంది. ముందు స్క్రూ అలా చెప్పదు.

ఒక పాత 30-06 తూటా రైఫిలు విషయంలో నేను నాలుగు ఆదివారాలు పోగొట్టుకున్నాను. స్కోపు మార్చాను, రింగుల లోపలి తలాలను రుద్ది సరిచేశాను, చెక్క స్టాకు స్క్రూలు బిగించాను, చివరికి కాల్చేవాడి భుజాన్ని కూడా అనుమానించాను. రేంజిలో ఒక పెద్దాయన "బేసు విప్పావా నాయనా?" అని అడిగిన తరువాతే విప్పాను. ముందు స్క్రూను అరచేతిలో పెట్టుకుని భూతద్దంతో చూస్తే దాని కొన మీద నల్ల పూత పోయి ఆవగింజలో సగమంత మెరిసే మచ్చ కనిపించింది. తల కింది అంచు మీద పూత మాత్రం కొత్తగా కొన్నప్పటిలా చెక్కుచెదరకుండా ఉంది. తల ఎన్నడూ బేసును నొక్కలేదనడానికి అంతకంటే రుజువు అక్కరలేదు. మౌంటు పొట్లంలో రెండు పొడవుల స్క్రూలు ఉన్నాయి, నేను వాటిని తారుమారు చేశాను.

పరిష్కారం

బోల్టు తీసి, ఛాంబర్ ఖాళీ అని చూసుకుని, బేసు పూర్తిగా దించండి. స్క్రూను బేసులో పెట్టి అడుగున బయటికి వచ్చిన పొడవును వెర్నియర్‌తో కొలవండి. అదే వెర్నియర్ లోతు కడ్డీతో రిసీవర్ రంధ్రం లోతు కొలవండి. బయటికి వచ్చిన పొడవు లోతు కంటే కనీసం అర మిల్లీమీటరు తక్కువ ఉండాలి. రైఫిళ్లలో తరచుగా కనిపించే 6-48 స్క్రూకు (అంగుళానికి 48 మరలు) ఒక చుట్టు అంటే సుమారు 0.53 మిల్లీమీటరు కనుక, ఇది దాదాపు ఒక చుట్టు ఖాళీ అనుకోవచ్చు. వెర్నియర్ లేకపోతే స్క్రూ కొనకు మార్కర్ సిరా పూసి, బేసుతో సహా బిగించి, వెంటనే విప్పి చూడండి. కొనన సిరా చెరిగితే అది అడుగును తాకుతోంది.

తాకుతుంటే మొదట పొట్లంలోని పొట్టి స్క్రూను ప్రయత్నించండి. లేకపోతే సన్న ఆకురాయితో కొనను కొద్దికొద్దిగా అరగదీసి, అంచుకు ఏటవాలు ఇచ్చి, మళ్లీ కొలవండి. మరీ పొట్టిగా అరగదీస్తే పట్టే మరలు తగ్గిపోతాయి, కనుక ఒక్కసారే ఎక్కువ తీయవద్దు. తరువాత రంధ్రాలలోని పాత నూనెను అసిటోన్‌తో తుడిచి, బేసు స్క్రూలకు మాత్రమే విప్పదగిన నీలం రకం లాక్ ద్రవం ఒక చుక్క వేసి, తయారీదారు చెప్పిన టార్క్‌కు బిగించండి. ఈ చిన్న స్క్రూలకు అది సాధారణంగా 2 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఆ స్థాయి టార్క్ డ్రైవర్ కావాలంటే చెన్నై లింగి చెట్టి వీధి పనిముట్ల దుకాణాల్లో అడగండి. ఆలెన్ కీ పొడుగు చేతిని పట్టుకుని మణికట్టు బలంతో బిగించడం ఆ చిన్న మరలను చంపడమే.

తేలికపాటి మౌంటు ఎంపిక గురించి

అదే ఆకారంలో అల్యూమినియం రింగు బరువు ఉక్కు రింగులో మూడో వంతుకు కొంచెం పైన ఉంటుంది. ఆ లాభం నిజమైనదే, దాన్ని నేను కాదనను. నేను వద్దనేది రింగు పైభాగాన్ని సన్నగా చెక్కి, రెండే స్క్రూలతో పట్టించిన రకాన్ని. నాలుగు స్క్రూల టోపీ ఉన్న రింగులు కొనండి, బరువు తగ్గించాలంటే ఎత్తు తగ్గించండి. స్కోపు ముందు గాజు బ్యారెల్‌కు తగలనంత తక్కువ ఎత్తు చాలు. స్కోపు గొట్టం 25.4 మిల్లీమీటర్లా, 30 మిల్లీమీటర్లా అన్నది కొనేముందే చూసుకోండి. ఉక్కు స్క్రూ, అల్యూమినియం బేసు కలిసిన చోట చెన్నై ఉప్పు గాలికి అల్యూమినియమే ముందు తినుకుపోతుంది. స్క్రూ తల చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే విప్పి శుభ్రం చేయవలసిన సమయం వచ్చినట్టు.

లక్షణం: ప్రతి తూటాకూ గురి ఒకే దిశగా కొంచెం కొంచెం జరుగుతుంది

ఇది రింగు జారడం. రింగులు కూర్చునే గాళ్లున్న పట్టీలు రెండు రకాలు: పికటినీ గాడి వెడల్పు 5.23 మిల్లీమీటర్లు, వీవర్ గాడి 4.57. వీవర్ రింగును పికటినీ పట్టీ మీద పెట్టవచ్చు కానీ గాడిలో ఖాళీ మిగులుతుంది. రైఫిలు వెనక్కి తన్నినప్పుడు స్కోపు ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది, అంటే పట్టీ మీద ముందుకు జారుతుంది. కాబట్టి రింగును గాడి ముందు గోడకు ఆనేలా ముందుకు నెట్టి పట్టుకునే బిగించాలి. స్ప్రింగు ఎయిర్ రైఫిలుకు ఈ లెక్క వేరు. పిస్టన్ ముందుకు దూకేటప్పుడు రైఫిలు వెనక్కి తన్ని, అది గాలి దిండును గుద్దుకున్నప్పుడు ముందుకు ఊగుతుంది. అక్కడ రిసీవర్ రంధ్రంలో దిగే ఆపుడు పిన్ను ఉన్న ఒకే ముక్క మౌంటు తప్ప మరేదీ నమ్మవద్దు.

లక్షణం: కన్ను కొద్దిగా కదిపితే గురి మారుతుంది

రైఫిలును సంచుల మీద కదలకుండా ఆనించి, తల మాత్రం అటూ ఇటూ కదపండి. లక్ష్యం మీద క్రాస్‌హెయిర్ కదిలితే అది పారలాక్స్, మౌంటు తప్పు కాదు. 100 గజాలకు అమర్చిన స్కోపును 10 మీటర్ల ఎయిర్ రైఫిలుకు పెడితే ఇలాగే ఉంటుంది.

లక్షణం: టర్రెట్ క్లిక్కులు ఒక వైపు అయిపోయాయి

బేసు రెండు ముక్కలుగా ఉంటే, ముందు ముక్కను వెనుక, వెనుక ముక్కను ముందు పెట్టారేమో చూడండి. పక్కకు మాత్రమే అయిపోతే రిసీవర్ రంధ్రాలు వంకరగా వేసి ఉండవచ్చు, అది గన్‌స్మిత్ పని.

స్కోపు లోపలి స్ప్రింగు విరగడం, బ్యారెల్ మూతి దెబ్బతినడం వంటివి ఉంటాయి కానీ అరుదు. స్కోపును అనుమానిస్తే జీరో నిలిచే మరో రైఫిలు మీద దాన్ని పెట్టి ఇరవై తూటాలు కాల్చి చూడండి. అక్కడ కూడా తిరుగుతుంటే అప్పుడు దాన్ని మరమ్మతుకు పంపించండి.