స్థానిక కరాటే క్లబ్బును అంతర్జాతీయ సంప్రదాయ కరాటే సంస్థకు అనుబంధం చేయడం ఎలా?

సంప్రదాయ కరాటేలో బెల్టు విలువను దాని రంగు నిర్ణయించదు. ఆ పరీక్ష ఎవరు పెట్టారు, పరీక్ష పెట్టే అధికారం వారికి ఎవరిచ్చారు అన్న రెండు ప్రశ్నలకు వచ్చే జవాబే నిర్ణయిస్తుంది. సొంతంగా నడుస్తున్న క్లబ్బులు ఏదో ఒక దశలో అంతర్జాతీయ సంస్థ వైపు చూడటానికి కారణం ఇదే. ఈ పని దరఖాస్తు ఫారంతో మొదలవుతుందని చాలామంది అనుకుంటారు గానీ, ఫారం నింపడం దాదాపు చివరి పని. మన దగ్గర నేర్పుతున్న కరాటేను బయటి గురువు ముందు ఉంచి, ఆయన తప్పు చూపితే దిద్దుకోవడానికి ఒప్పుకోవడమే అనుబంధంలో అసలు సంగతి. కింద చెప్పిన క్రమం కూడా అందుకు తగినట్టే ఉంటుంది.

మొదట మీ శైలినీ, గురుపరంపరనూ కాగితం మీద పెట్టండి

షోటోకాన్, గోజు-ర్యూ, షితో-ర్యూ, వాడో-ర్యూ అనే నాలుగింటిని జపాన్‌లో ప్రధాన శైలులుగా లెక్కిస్తారు. మీది ఏ శైలో సందేహం ఉంటే క్లబ్బులో నేర్పే కటాల (నిర్ణీత క్రమంలో చేసే కదలికల వరుసల) జాబితా రాసి చూడండి. హేయాన్ కటాలు ఐదు, టెక్కి కటాలు మూడు ఉంటే మూలం షోటోకాన్. గెకిసాయ్, సాంచిన్, టెన్షో ఉంటే గోజు-ర్యూ. హేయాన్ కటాలనే పినాన్ అన్న పాత పేరుతో నేర్పుతుంటే షితో-ర్యూ గానీ వాడో-ర్యూ గానీ అయి ఉండవచ్చు. పోటీల కోసం అక్కడా ఇక్కడా ఏరుకున్న కటాలు కలిసి ఉంటే ఆ మాట కూడా దాచకుండా రాయాలి.

తరువాత ప్రధాన శిక్షకుడి వివరాలు రాయండి: ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ డాన్ (బ్లాక్ బెల్టు స్థాయి) పరీక్ష ఏ సంవత్సరంలో ఇచ్చారు, పరీక్షకులు ఎవరు, ధ్రువపత్రం ఏ సంస్థ ఇచ్చింది. మధ్యలో ఖాళీ ఉంటే దాన్ని ఖాళీగానే వదిలేయండి. కరాటే లోకం చిన్నది, పాత గురువులు ఒకరినొకరు ఎరుగుదురు కనుక, అతికించిన పరంపర ఎక్కువ కాలం నిలవదు.

ఏ సంస్థ అన్నది ఆ తరువాతి ప్రశ్న

ఇక్కడ ఒక తేడాను ముందే గ్రహించాలి. 1990లో ఏర్పడిన ప్రపంచ కరాటే సమాఖ్య క్రీడా కరాటేను నడిపే సంస్థ. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం గుర్తింపు దానికే ఉంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కరాటే పోటీలు దాని నియమాలతోనే సాగాయి. సంప్రదాయ సంస్థల దృష్టి వేరు: అవి ఒక సాంకేతిక ప్రమాణాన్ని నిలబెట్టి, శిక్షకుల ద్వారా దాన్ని తరువాతి తరానికి అందిస్తాయి. షోటోకాన్ మూలపురుషుడు గిచిన్ ఫునకోషి శిష్యులు 1949లో స్థాపించిన జపాన్ కరాటే అసోసియేషన్ ఆ శైలికి సంబంధించినది. అదే సంస్థ నుంచి వచ్చి 1961లో అమెరికాకు వెళ్లిన హిదెతక నిషియామ అంతర్జాతీయ సంప్రదాయ కరాటే సమాఖ్యను నిర్మించారు. గోజు-ర్యూ వారికోసం మోరియో హిగావోన్న 1979లో ఒక అంతర్జాతీయ సమాఖ్యను ప్రారంభించారు.

వీటిలో దేని దగ్గరికి వెళ్లాలో మీ కటాల జాబితాయే చాలావరకు చెబుతుంది. పేర్ల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం, ఎందుకంటే వ్యవస్థాపకుడు కాలం చేశాక ఒకే సంస్థ రెండు మూడుగా చీలడం, అన్నీ ఒకేలా వినిపించే పేర్లతో కొనసాగడం కరాటేలో తరచుగా జరిగేదే. పేరు చూసి నిర్ణయించుకోకుండా, ప్రస్తుతం సాంకేతిక బాధ్యత ఎవరిది, డాన్ ధ్రువపత్రం మీద ఎవరు సంతకం చేస్తారు అన్నవి అడిగి తెలుసుకోండి.

మరో పరీక్ష కూడా ఉంది. మీ సాధనను ఒక్కసారైనా చూడకుండా, రుసుము కట్టగానే ప్రధాన శిక్షకుడికి పై డాన్ ఇస్తామనే సంస్థతో ఉత్తరప్రత్యుత్తరాలు అక్కడితో ఆపేయడం మేలు.

దారి జాతీయ శాఖ గుండానే

సాధారణంగా ఇలాంటి సంస్థలు దేశానికొక శాఖనో ప్రతినిధినో పెట్టుకుంటాయి. శాఖ ఉన్న దేశం నుంచి ఒక క్లబ్బు నేరుగా ప్రధాన కార్యాలయానికి రాస్తే, ఆ లేఖ తిరిగి ఆ శాఖకే చేరే అవకాశం ఎక్కువ, పైగా తమను దాటి వెళ్లారన్న నొప్పి మిగులుతుంది. శాఖ లేనప్పుడే ప్రధాన కార్యాలయానికి రాయండి.

మీరు ఇప్పటికే మరొక గురువు కిందో, సంస్థ కిందో ఉంటే, కొత్తవారికి రాయడానికి ముందే వారికి ఆ మాట చెప్పాలి. ఎంత ఇబ్బందిగా అనిపించినా ఇది తప్పించుకోకూడని పని. పాత గురువుకు తెలియకుండా వచ్చిన క్లబ్బు రేపు తమనూ అలాగే వదిలి వెళుతుందని కొత్త సంస్థ అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

కాగితాలు ఈలోగా సిద్ధం చేసుకోవచ్చు: క్లబ్బు నమోదు, రాతపూర్వక నిబంధనలు, క్లబ్బు పేరుతో బ్యాంకు ఖాతా, ప్రమాద బీమా, సభ్యుల పట్టిక, పిల్లల రక్షణకు సంబంధించిన విధానం. ఏవి తప్పనిసరి అన్నది మీ దేశ చట్టాన్ని బట్టి ఉంటుంది.

మొదటి లేఖ

ఒక పేజీ చాలు. విజయాల జాబితా కన్నా నేర్చుకోవాలన్న కోరిక ముందు కనిపించాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: "మా క్లబ్బులో షోటోకాన్ నేర్పుతున్నాము. ప్రధాన శిక్షకుడికి రెండవ డాన్ ఉంది. ధ్రువపత్రం నకలు జతచేశాము. అనుబంధం గురించి మాట్లాడటానికి ముందు మా సభ్యులు మీ శిక్షకుల దగ్గర సాధన చేసే అవకాశం కల్పించగలరా?" దీనితోపాటు చిన్న వీడియో పంపితే మంచిది. అందులో కత్తిరింపులు, సంగీతం వద్దు. కిహోన్ (ప్రాథమిక కదలికల) వరుస ఒకటి, ప్రధాన శిక్షకుడు చేసిన కటా ఒకటి, ఇద్దరు విద్యార్థుల ఇప్పోన్ కుమితే (ఒక్క దాడి మీద చేసే జంట సాధన) ఒకటి, పాదాలు తెగిపోకుండా కనిపించేటట్టు తీస్తే చూసేవారికి కావలసింది దొరుకుతుంది.

సాధన శిబిరంలో తేలేది

నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో కీలకమైనది ఈ ఘట్టమే. శిబిరానికి శిక్షకుడు తన విద్యార్థులతో కలిసి వెళ్లి, వారితోపాటే వరుసలో నిలబడాలి. పరీక్షించే గురువు పెద్ద పెద్ద విన్యాసాలు చూడరు. గ్యాకు-జుకి (ముందున్న కాలికి ఎదురు వైపు చేతితో కొట్టే గుద్దు) కొట్టేటప్పుడు వెనక మడమ లేస్తోందా, దెబ్బ తుంటి నుంచి బయలుదేరుతోందా లేక భుజం నుంచే వస్తోందా, హికితే చెయ్యి, అంటే వెనక్కి లాగే చెయ్యి, పక్కటెముకల దాకా పూర్తిగా వెనక్కి వస్తోందా అన్నది చూస్తారు. ఆగే-ఉకేలో (తల మీదికి వచ్చే దెబ్బను పైకి ఆపే రక్షణలో) ముంజేయి నుదుటికి పిడికిలంత దూరంలో ఆగకపోతే అక్కడే ఆపి సరిచేస్తారు. అప్పటిదాకా మీరు నేర్పినదానికి విరుద్ధంగా, మీ విద్యార్థుల ఎదుటే మిమ్మల్ని దిద్దవచ్చు. శిక్షకుడు "ఓస్" అని తల వంచి, అదే కదలికను కొత్త పద్ధతిలో మళ్లీ చేసి చూపితే, సంస్థకు ఆ క్లబ్బు గురించి కావలసిన సమాచారం దాదాపుగా అందినట్టే. విద్యార్థులు కూడా ఆ క్షణాన్ని మరిచిపోరు.

గ్రేడుల సంగతి ముందే తేల్చుకోండి

ఒక సంస్థ ఇచ్చిన డాన్‌ను మరొకటి యథాతథంగా స్వీకరించాలన్న నియమమేదీ లేదు. కొందరు పాత గ్రేడును గుర్తిస్తారు, కొందరు తిరిగి పరీక్ష పెడతారు, కొన్నిసార్లు ఒక మెట్టు కిందినుంచి మొదలుపెట్టమంటారు. సంతకం చేయకముందే విద్యార్థులకూ తల్లిదండ్రులకూ ఈ విషయం సమావేశంలో విడమరచి చెప్పాలి, లేకపోతే బ్రౌన్ బెల్టు దాకా వచ్చిన పిల్లవాడికి తన శ్రమంతా వృథా అయిందనిపిస్తుంది.

డాన్ ఉన్నంత మాత్రాన నేర్పే అధికారం, పరీక్ష పెట్టే అధికారం వాటంతటవే రావు. జపాన్ కరాటే అసోసియేషన్‌లో శిక్షకుడు, న్యాయనిర్ణేత, పరీక్షకుడు అనే అర్హతలు డాన్‌కు అదనంగా విడిగా సంపాదించుకోవలసినవి. కాబట్టి మీ క్లబ్బులో క్యూ (బ్లాక్ బెల్టుకు ముందు స్థాయిల) పరీక్షలు ఎవరు పెడతారు, డాన్ పరీక్షలకు ఎక్కడికి వెళ్లాలి, ధ్రువపత్రం జాతీయ శాఖ నుంచి వస్తుందా ప్రధాన కార్యాలయం నుంచి వస్తుందా అన్నవి రాతపూర్వకంగా తెచ్చుకోండి.

ఒప్పందం, ఆ తరువాత

ఒప్పందం చదివేటప్పుడు కొన్ని ప్రశ్నలకు జవాబు వెతకండి. రుసుము క్లబ్బుకా, ఒక్కొక్క సభ్యుడికా? ఏటా పునరుద్ధరించాలా? సంస్థ చిహ్నాన్ని గి (కరాటే దుస్తులు) మీద, ప్రకటనల మీద వాడవచ్చా? విద్యార్థులు ఇతర పోటీలకు వెళ్లడానికి అనుమతి ఉందా? రేపు విడిపోవలసి వస్తే అప్పటిదాకా పొందిన గ్రేడులు నిలుస్తాయా? చివరి ప్రశ్న అడగటానికి మొహమాటపడేవారు ఎక్కువ, కానీ విద్యార్థుల తరఫున అడగక తప్పదు.

సభ్యత్వం వచ్చాక ప్రతి సభ్యుడి పేరునూ పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే నమోదు చేయించండి. అదే పేరు సభ్యత్వ పుస్తకంలోకి, డాన్ ధ్రువపత్రంలోకి వెళుతుంది, తరువాత మార్పించడం కష్టం. మొదటి గ్రేడింగుకు సంస్థ పంపిన పరీక్షకుడినే పిలవండి. ఆయన రాసిన వ్యాఖ్యలను ప్రతి విద్యార్థికీ చదివి వినిపించి, తరువాతి గ్రేడింగు దాకా వారంలో ఒక తరగతిని ఆ లోపాలు దిద్దడానికే కేటాయించండి.