హైబ్రిడ్ స్పోర్ట్స్ కారు కొనే ముందు పరిశీలించవలసిన విషయాలు

మెర్సిడెస్-ఏఎమ్‌జీ సీ63 కారు 2022లో కొత్త తరానికి మారినప్పుడు దానిలోని 4.0 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ పోయి, 2.0 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, దానికి తోడుగా వెనుక ఇరుసు మీద ఒక విద్యుత్ మోటారు వచ్చాయి. గరిష్ఠ శక్తి 510 హార్స్‌పవర్ నుంచి 680కి పెరిగినా, ఆ కారును ఏళ్ల తరబడి అభిమానించినవారిలో చాలామంది నొచ్చుకున్నారు. 2024లో పోర్షే 911 కారెరా జీటీఎస్ కూడా హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజిన్‌కు విద్యుత్ మోటారు తోడైన కారు, అయింది. దాని అభిమానులు మాత్రం ఆ మార్పుతో చాలావరకు సమాధానపడ్డారు. పాత ఇంజిన్లంటే ప్రాణం పెట్టేవారు ఇప్పుడు కారు కొనవలసి వస్తే ఏమి చూడాలో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పరిశీలిస్తే బాగా తెలుస్తుంది. నా దృష్టిలో సిలిండర్ల సంఖ్య కంటే, విద్యుత్తు ఆ కారులో ఏ పని చేస్తోందన్న ప్రశ్నే ముఖ్యం.

ఈ మార్పు తయారీదారుల సరదా కోసం వచ్చినది కాదు. యూరోపియన్ యూనియన్‌లో ఒక సంస్థ అమ్మిన కార్లన్నిటి సగటు కార్బన్ డయాక్సైడ్ విడుదల తనకు విధించిన పరిమితిని దాటితే, దాటిన ప్రతి గ్రాముకూ, అమ్మిన ప్రతి కారుకూ 95 యూరోల చొప్పున జరిమానా పడుతుంది. కనుక పాత పద్ధతి తిరిగి వస్తుందేమోనని ఎదురుచూడడం కంటే, కొత్త పద్ధతిలో మంచిచెడ్డలను విడదీయడం నేర్చుకోవడం మేలు.

మొదట చూడవలసినది బరువు. కొత్త సీ63 బరువు సుమారు 2,111 కిలోలు; ఇది ముందు తరం కంటే మూడు వందల కిలోలకు పైగా ఎక్కువ. 911 జీటీఎస్ మాత్రం హైబ్రిడ్ అయినప్పుడు సుమారు 50 కిలోలే పెరిగింది, ఎందుకంటే అందులో ఉన్నది 1.9 కిలోవాట్-అవర్ల చిన్న బ్యాటరీ. దాన్ని ప్లగ్ పెట్టి ఛార్జి చేసే ఏర్పాటు లేదు, కేవలం విద్యుత్తుతో దూరం నడిపే ఉద్దేశమూ లేదు. అందువల్ల షోరూంకు వెళ్లినప్పుడు హార్స్‌పవర్ ఎంత అని అడిగే ముందు, ఇదే మోడల్ ముందు తరం బరువెంత, ఇప్పటిదెంత, పెరిగిన బరువు కారులో ఏ భాగంలో కూర్చుంది అని అడగండి. తిన్నని దారిలో అదనపు బరువును మోటారు కప్పిపుచ్చగలదు కాని, మలుపులోను, బ్రేకు వేసినప్పుడు, టైర్లు అరిగేటప్పుడు అది దాగదు.

రెండవది, కాగితం మీది శక్తి ఎంతసేపు అందుతుందన్నది. సీ63 వెనుక మోటారు 150 కిలోవాట్లు ఇస్తుందన్నది నిజమే, అయితే ఆ గరిష్ఠ శక్తి 10 సెకన్ల పాటే. నిరంతరాయంగా ఇవ్వగలిగేది 70 కిలోవాట్లు. ఇది మోసం కాదు, మోటారు, బ్యాటరీ వేడెక్కకుండా పెట్టుకున్న హద్దు. ఆ కారు 6.1 కిలోవాట్-అవర్ల బ్యాటరీలోని 560 సెల్స్‌ను విద్యుత్తు ప్రవహించని ద్రవంతో నేరుగా చల్లబరిచే ఏర్పాటు నిజంగా మెచ్చుకోదగిన ఇంజినీరింగ్. అయినా కొనేవారు గరిష్ఠ శక్తి, నిరంతర శక్తి రెండు అంకెలనూ వేర్వేరుగా అడిగి రాసుకోవాలి. మన ప్రాంతంలో ఉన్నవారు వీలైతే మే నెల మధ్యాహ్నం, ఏసీ పూర్తిగా నడుస్తుండగా, బ్యాటరీ ఛార్జి తక్కువగా ఉన్నప్పుడు కారు ఎలా స్పందిస్తుందో చూడాలి. పూర్తి ఛార్జితో చల్లని ఉదయం ఇచ్చే టెస్ట్ డ్రైవ్‌లో ఏ హైబ్రిడ్ అయినా బాగానే ఉంటుంది.

టెస్ట్ డ్రైవ్‌లో నేను అన్నిటికంటే ఎక్కువ సమయం కేటాయించమని కోరేది యాక్సిలరేటర్ స్పందనకు. చిన్న ఇంజిన్ నుంచి పెద్ద శక్తి రావాలంటే పెద్ద టర్బో, అంటే ఇంజిన్ వదిలే ఎగ్జాస్ట్ వాయువుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి అదనపు గాలిని నెట్టే పంకా, కావాలి. పెద్ద టర్బో తిరగడం మొదలుపెట్టడానికి ఎగ్జాస్ట్ వాయువు చాలినంత రావాలి. ఆ లోపు కలిగే జాప్యాన్నే టర్బో ల్యాగ్ అంటాం. సీ63, 911 జీటీఎస్ రెండింటిలోనూ టర్బో ఇరుసు మీదే ఒక చిన్న విద్యుత్ మోటారు ఉండి, వాయువు కోసం వేచి ఉండకుండా టర్బోను తిప్పుతుంది. దీన్ని పరీక్షించడానికి మూడో గేరును మీరే ఎంచుకుని, 2,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర నిలకడగా పోనిచ్చి, పెడల్‌ను సగం వరకు ఒక్కసారిగా నొక్కండి. శక్తి ఎంత త్వరగా వచ్చిందన్నదే కాక, నొక్కినంతే వచ్చిందా, ఆలస్యమై ఒక్కసారిగా మీద పడిందా అన్నది గమనించండి. తర్వాత పాదం కొద్దిగా తీసి మళ్లీ కొద్దిగా నొక్కండి. మలుపు మధ్యలో కారును అదుపులో ఉంచేది ఆ చిన్న నొక్కుడే. దీనికి వేగం అవసరం లేదు. పూర్తి శక్తిని చూడాలనుకునేవారు ఔటర్ రింగ్ రోడ్డు మీద కాక, చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వంటి చోట, సొంత కార్లను ట్రాక్ మీద నడపనిచ్చే ట్రాక్ డే రోజున చూసుకోవాలి.

911 విషయంలో ఇంకొక సంగతి చెప్పాలి. హైబ్రిడ్ అంటే ఇంజిన్ చిన్నదవడమేనని చాలామంది అనుకుంటారు. జీటీఎస్‌లో ఇంజిన్ 3.0 లీటర్ల నుంచి 3.6 లీటర్లకు పెరిగింది, రెండు టర్బోలకు బదులు ఒకటే మిగిలింది, శక్తి 480 హార్స్‌పవర్ నుంచి 541కి చేరింది. పూర్వం టర్బో ఇంజిన్లు తీవ్రంగా పనిచేసేటప్పుడు వేడి తగ్గించడానికి అవసరానికి మించి పెట్రోలు పోసేవి; ఈ కొత్త ఇంజిన్ ఎంత జోరుగా నడిపినా గాలికి తగినంత పెట్రోలునే వాడేలా రూపొందింది. ఆ నియమం వల్ల తగ్గే శక్తిని పెద్ద సిలిండర్లు, విద్యుత్ టర్బో, గేర్‌బాక్స్‌లో అమర్చిన మోటారు కలిసి పూడుస్తాయి. విద్యుత్తును ఇంజిన్‌కు బదులుగా కాక, దాని లోపాన్ని సరిదిద్దడానికి వాడడం అంటే ఇదే. నాకు ఈ మార్గమే సరైనదిగా కనిపిస్తుంది.

బ్రేకు పెడల్‌ను కూడా పరీక్షించండి. హైబ్రిడ్‌లో మొదట మోటారు వేగాన్ని తగ్గిస్తూ బ్యాటరీని నింపుతుంది, తర్వాత బ్రేకు డిస్కులు పని అందుకుంటాయి. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర 20 కిలోమీటర్ల వేగం నుంచి మెల్లగా ఆపినప్పుడు ఆ చేతులు మారే క్షణం పాదానికి తెలిస్తే, రోజూ తెలుస్తూనే ఉంటుంది.

శబ్దం గురించి బాధపడేవారిని చిన్నచూపు చూడకూడదు. అది ఈ ప్రేమలో సగం. టర్బో ఎగ్జాస్ట్ శక్తిని కొంత తీసుకుంటుంది, ఫిల్టర్లు ఇంకొంత అణచివేస్తాయి, ఆ లోటును కొన్ని సంస్థలు స్పీకర్లతో పూడుస్తాయి. కాబట్టి కారు లోపల కూర్చుని వినడంతో సరిపెట్టుకోక, మరొకరిని నడపమని, మీరు బయట నిలబడి వినండి. సిలిండర్లు తగ్గితే నాదం పోయి తీరుతుందనేమీ లేదు. 2021లో వచ్చిన ఫెరారీ 296 జీటీబీలో ఉన్నది వీ6 ఇంజినే. సిలిండర్ల వరుసల మధ్య 120 డిగ్రీల కోణం వల్ల పేలుళ్లు సమాన వ్యవధిలో జరిగి, దాని స్వరం వీ12ను తలపిస్తుంది.

ధర కుదిరాక సంతకం చేసే ముందు బ్యాటరీకి, హైబ్రిడ్ భాగాలకు వారంటీ ఎన్నేళ్లో, దాన్ని డబ్బు కట్టి పొడిగించుకోవచ్చో లేదో, ట్రాక్ మీద నడిపితే అది వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. అధిక వోల్టేజీ పనులు చేయగల శిక్షణ పొందిన సిబ్బంది మీ నగరంలోని వర్క్‌షాప్‌లోనే ఉన్నారా, లేక కారును బెంగళూరుకో ముంబైకో ట్రక్కు మీద పంపాలా అన్నదీ ముందే తేల్చుకోవాలి.

ఇన్ని పరీక్షలు చేశాక కూడా మనసు పాత ఇంజిన్ దగ్గరే ఆగిపోతే, దాన్నే కొనండి. టర్బో లేని 4.0 లీటర్ల ఇంజిన్‌తో 9,000 ఆర్‌పీఎం దాకా వెళ్లే 911 జీటీ3ని పోర్షే 2024లోనూ మాన్యువల్ గేర్‌బాక్స్‌తో సహా కొనసాగించింది. అంత ఖర్చు పెట్టలేనివారు మంచి స్థితిలో ఉన్న పాత కారు తీసుకోవచ్చు. భారత్‌లో ఉంచుకునేవారు ఒక్కటి మరవకూడదు: ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. దాని కోసం తయారుకాని కార్లలో ఇంధన గొట్టాలు, రబ్బరు సీళ్లు త్వరగా పాడయ్యే ప్రమాదం ఉంది కనుక వాటిని కొన్న వెంటనే తనిఖీ చేయించి, అవసరమైతే ఇథనాల్‌ను తట్టుకునేవి వేయించాలి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుచేత అరుదుగా బయటకు తీసే కారును ట్యాంకులో పాత పెట్రోలుతో నెలల తరబడి నిలపకుండా, రెండు మూడు వారాలకోసారైనా ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా నడిపి రావాలి.