సీనియర్ టీవీ హాస్యనటి జీవితం రాసిపెట్టాలంటే

వరంగల్, హనుమకొండ నాటక సమాజాల్లో వేషాలు కట్టి, అక్కడి నుంచి హైదరాబాదు స్టూడియోలకు వెళ్లి, ఏళ్ల తరబడి అత్తగా, పనిమనిషిగా, పక్కింటి పిన్నిగా నవ్వించిన ఒక నటి గురించి రాయబోతున్నారనుకుందాం. సీరియళ్ల పేర్లు వరుసగా రాస్తే జాబితా అవుతుంది, జీవితం కాదు. ఆమె నవ్వు ఎట్లా పుట్టించిందో కాగితం మీదికి రావాలి. దానికి ముందు మాత్రం తారీఖుల పని తప్పదు.

కలవడానికి ముందే ఒక పెద్ద కాగితం మీద కాలరేఖ గీసుకోండి. హైదరాబాదు దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైంది. దూరదర్శన్‌కు రంగులు 1982లో వచ్చాయి. ఆకాశవాణి వరంగల్లు కేంద్రం 1990 నాటిది కాబట్టి అంతకు ముందు చేసిన రేడియో నాటకం వరంగల్లు కేంద్రానిది అయ్యే వీలు లేదు. ఈటీవీ, జెమిని 1995లో వచ్చాయి. ఆమె చెప్పిన ఏడాది ఈ తేదీలతో పొసగకపోతే అక్కడ ప్రశ్నార్థకం పెట్టి ముందుకు సాగండి. అక్కడికక్కడే దిద్దితే మాట ఆగిపోతుంది.

ఏడాది గుర్తుకు రాకపోతే మేడారం జాతరను పట్టుకోండి. సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి, సరి సంవత్సరాల్లోనే వస్తుంది. "అమ్మా, ఆ సీరియల్ జాతరకు ముందా, తర్వాతనా? ఆ జాతరకు మీ బిడ్డ ఎంతది?" అని అడిగితే ఏడాది చాలాసార్లు దొరుకుతుంది. పుట్టిన తేదీ విషయంలో పదో తరగతి మెమోను పూర్తిగా నమ్మొద్దు. ఆ తరంలో బడిలో వేసినప్పుడు పంతులు రాసిందే చాలామందికి పుట్టినరోజు అయింది. మెమోలో ఉన్నదీ ఇంట్లో చెప్పిందీ రెండూ రాయండి. ఊరి పేరు దగ్గర కూడా జాగ్రత్త. 2016లో వరంగల్ జిల్లా ముక్కలైంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఊళ్లకు పాత జిల్లా, ఇప్పటి జిల్లా రెండూ పెట్టాలి.

రికార్డింగు గంట, మహా అయితే గంటంబావు. ఆపైన ఆమె అలసిపోతుంది, మీ ప్రశ్నలూ పలచబడతాయి. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద పెట్టండి. ఎండాకాలమైతే పొద్దున ఏడు, తొమ్మిది మధ్య కూర్చోండి. ఫ్యాన్ తక్కువలో పెట్టుకున్నా నడుస్తుంది గానీ కూలర్ మాత్రం ఆపాల్సిందే. ఆ హోరు తర్వాత ఏ సాఫ్ట్‌వేరుతోనూ శుభ్రంగా పోదు. ధ్వనిని కుదించకుండా దాచే డబ్ల్యూఏవీ (WAV) ఫార్మాట్‌లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో మోనోగా, అంటే ఒకే చానెల్లో తీస్తే గంటకు సుమారు అర జీబీ అవుతుంది. ఫోనులో తీస్తే ఫ్లైట్ మోడ్ వేయండి, లేదంటే నడిమిట్ల కాల్ వచ్చి రికార్డింగు తెగుతుంది.

హాస్యనటుల దగ్గర ఒక చిక్కు ఉంటుంది. సన్మాన సభల్లో చెప్పీ చెప్పీ నున్నగా అయిన ముచ్చట్లు వాళ్ల నాలుక మీదే ఉంటాయి. ఒకసారి పూర్తిగా చెప్పనివ్వండి. తర్వాత నిదానంగా అడగండి: ఎదురుగా ఎవరు నిలబడ్డారు, కెమెరా ఏ పక్క ఉంది, చీర ఇంటిదా కంపెనీదా, డైలాగు కాగితం ఎప్పుడు చేతికొచ్చింది? నున్నటి కథ అక్కడ చిట్లి అసలు సంగతి బయటికొస్తుంది.

అసలు పని ఇక్కడే. రెండు మూడు నిమిషాల సీను ఒకటి ఎంచుకుని ఆమెతో కలిసి చూడండి. మొదటిసారి ఆపొద్దు. రెండోసారి నవ్వు వచ్చే ప్రతిచోటా ఆపి మూడు గళ్లలో రాసుకోండి: కాగితం మీద ఉన్నదేంటి, ఆమె సొంతంగా కలిపిందేంటి, ఎడిటింగులో చేరిందేంటి. డైలీ సీరియల్లో 'టింగ్' మోతలు, ఒకే ముఖం మూడుసార్లు చూపించడం ఎడిటర్ పని. ఆ నవ్వును ఆమె ఖాతాలో వేయొద్దు. మాటకు మాటకు మధ్య ఆగిన క్షణాలను ఫోనులోని స్టాప్‌వాచ్‌తో కొలవండి. అర సెకను ఆగడానికీ రెండు సెకన్లు ఆగడానికీ నవ్వు వేరు. పంచుకు ముందు అవతలి నటుడు అందించే మాట కూడా రాయండి, అది లేకుండా పంచు ఒంటరిగా నిలబడదు.

గొంతు ఎవరిదని ప్రతి సీరియల్‌కూ అడగాలి. పాత దూరదర్శన్ స్టూడియో నాటకాల్లో సాధారణంగా అక్కడికక్కడే పలికిన మాటే రికార్డయ్యేది. తర్వాతి సీరియళ్లలో డబ్బింగు ఉంటే వేరేవాళ్లు చెప్పి ఉండొచ్చు. ఇంకొకరి గొంతును పట్టుకుని ఆమె యాసను పొగిడితే వ్యాసం పరువు పోతుంది.

యాస సంగతి కాస్త మెత్తగా అడగాలి. తెలంగాణ మాటను పనిమనిషికీ జోకరుకూ అంటగట్టిన కాలం అది. "ఆ మాట వాళ్లే రాసిచ్చిన్రా, మీరే పెట్టిన్రా?" అనే ప్రశ్నకు వచ్చే జవాబు తరచుగా మొత్తం వ్యాసంలో బరువైన పేరా అవుతుంది. రాసేటప్పుడు ఆమె 'అచ్చిండు' అంటే 'వచ్చాడు' అని దిద్దకండి.

ఇంట్లో వీహెచ్‌ఎస్ క్యాసెట్లు దొరికితే వెంటనే ప్లేయర్లో పెట్టొద్దు. క్యాసెట్ మీది చిన్న కిటికీలోంచి లోపలి టేపు చుట్టను చూడండి. తెల్లటి పొడిలాంటిది కనిపిస్తే బూజు. అది ప్లేయర్‌లో టేపును చదివే హెడ్‌కు అంటి తర్వాతి క్యాసెట్లకూ పాకుతుంది. అలాంటివి విడిగా కవర్లో కట్టి, శుభ్రం చేయడం తెలిసినవాళ్లకే ఇవ్వాలి. బాగున్న వాటికి మొదట వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ రికార్డింగు పలక విరిచేయండి, పొరపాటున రికార్డు నొక్కినా చెరిగిపోదు. చివరిదాకా ఒకసారి తిప్పి, మళ్లీ వెనక్కి చుట్టి, ఆ తర్వాతే ప్లే. కంప్యూటర్లోకి 720 బై 576, సెకనుకు 25 ఫ్రేములతో ఎక్కించండి.

ఫొటోలు 600 డీపీఐలో (అంగుళానికి అన్ని చుక్కలు), పాస్‌పోర్టు సైజువి 1200లో స్కాన్ చేయాలి. వెనక రాత ఉంటే అది కూడా. అతుక్కుపోయిన ఆల్బమ్ నుంచి గోరుతో పీకితే మూల చిరుగుతుంది, పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారాన్ని (డెంటల్ ఫ్లాస్) ఫొటో కిందికి నిదానంగా జరపండి. దూరదర్శన్, ఆకాశవాణి కాంట్రాక్టు కాగితాలు దొరికితే పండగే. రికార్డింగు తేదీ, ప్రసార తేదీ వేర్వేరు, రెండింటినీ కలపొద్దు. అందులోని పారితోషికం అంకె వేయాలంటే ఆమెను అడగాలి.

పూర్తయిన ప్రతిని ఆమెకు పైకి చదివి వినిపించండి. కళ్లజోడు పెట్టుకుని ఇరవై పేజీలు చదవమనడం న్యాయం కాదు. తీసేయమన్న చోటు తీసేయండి. ఇంటి గొడవలు, తోటి నటుల మీది మాటలు చాలావరకు అక్కడే పోతాయి. ఏవి అచ్చు వేయొచ్చో, ఏవి దాచి ఉంచాలో రాసి సంతకం తీసుకోండి. తెచ్చిన ఫొటోలు, క్యాసెట్లు లెక్కపెట్టి, జాబితాతో సహా తిరిగి ఇవ్వండి. రికార్డింగు కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఆమె పిల్లలకు, రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో మీ దగ్గర ఉండాలి.