ఇంట్లో ఫిల్ము కడగడం – 5: ఎమల్షన్ చెడిందా? ముందు నీళ్లను అనుమానించండి

రోల్ కడిగి ఆరేశాక నెగెటివ్‌లో ఏదైనా తేడా కనిపిస్తే చాలామంది డెవలపర్‌నే (ఫిల్ము మీద బొమ్మను బయటికి తెచ్చే మందునే) తప్పుపట్టి పారబోస్తారు. నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా, అందులోనూ ఎండాకాలంలో, నా అనుమానం ముందు నీళ్ల మీదికే పోతుంది.

మచ్చ ఏ వైపు ఉందో మొదట తేల్చుకోండి. నెగెటివ్‌ను కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే ఒక వైపు అద్దంలా మెరుస్తుంది. అది ప్లాస్టిక్ బేస్. మెరుపు తక్కువున్న వైపు ఎమల్షన్, అంటే వెండి రేణువులను పట్టి ఉంచే జెలటిన్ పొర. బేస్ మీది మచ్చను తడి దూదితో తుడిచేయొచ్చు. ఎమల్షన్ జోలికి మాత్రం తొందరపడి పోవద్దు. తడిగా ఉన్నప్పుడు గోరు తగిలినా చాలు, గీత పడిపోతుంది.

జెలటిన్ తడిస్తే ఉబ్బుతుంది, వేడికి మెత్తబడుతుంది. చల్లటి మందులోంచి తీసి వేడి నీళ్లలో వేస్తే పొర ఉన్నట్టుండి ముడుచుకుపోతుంది. ఆరాక భూతద్దంలో చూడండి, ఎండిన చెరువు నెర్రెలిచ్చినట్టు సన్నటి గీతల అల్లిక కనిపిస్తుంది. దీన్నే రెటిక్యులేషన్ అంటారు. పడిందంటే ఇక పోదు. వేడి మరీ ఎక్కువైతే అంచుల్లో పొర లేచిపోతుంది కూడా. ఇప్పటి ఫిల్ములను తయారీలోనే కొంత గట్టిపరుస్తారు కాబట్టి ఇది అరుదే. కానీ మే నెల మధ్యాహ్నం మేడమీది ట్యాంకు నీళ్లతో పందెం కాయకండి.

సాధారణంగా జరిగేది ఇది: డెవలపర్‌ను ఐసు పెట్టి 20 డిగ్రీలకు తెస్తారు, బొమ్మను నిలిపే ఫిక్సర్‌ను గది వేడికి వదిలేస్తారు, చివర్లో ఫిల్ము ఉన్న డెవలపింగ్ ట్యాంకును నేరుగా నల్లా కింద పెడతారు. అంతకన్నా 24 డిగ్రీలు పెట్టుకుని డెవలపర్, దాని పనిని ఆపే స్టాప్, ఫిక్సర్, కడిగే నీళ్లు నాలుగూ అక్కడే ఉంచడం మేలు. డెవలపింగ్ సమయాన్ని చార్టు చూసి తగ్గించండి. 5 నిమిషాలకన్నా తక్కువ వస్తే డి-76 డెవలపర్‌ను సమానంగా నీళ్లు కలిపి వాడి, దానికి తగ్గ సమయం చూసుకోండి. మరీ తక్కువ సమయంలో డెవలపింగ్ అంతటా ఒకేలా జరగదు.

అన్ని నీళ్లు ఎలా చల్లబరచాలని టెన్షన్ పడకండి. ఇల్‌ఫర్డ్ అనే ఫిల్ము కంపెనీ చెప్పిన పద్ధతిలో ట్యాంకు నింపి 5 సార్లు తిప్పి పారబోయాలి, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ 20 సార్లు. ఒక 35 ఎంఎం రోల్‌కు లీటరు నీళ్లు సరిపోతాయి. నీళ్ల డబ్బాను టబ్బులో పెట్టి పక్కన గడ్డకట్టిన నీళ్ల సీసా ఉంచితే చాలు.

పొరను గట్టిపరచడానికి పటిక వాడొచ్చా? వాడొచ్చు. ఫ్లోరైడ్ నీళ్లను బాగుచేసే ‘నల్గొండ టెక్నిక్’లో సున్నంతో కలిపి వేసే పటికే పాత హార్డెనింగ్ ఫిక్సర్లలోనూ ఉండేది. అయితే దాన్ని ఉత్త హైపోలో (ఫిక్సర్‌లోని అసలు మందులో) వేయకూడదు. తగినంత ఆమ్లం లేకపోతే తెల్లటి మడ్డి దిగి ఫిల్ముకు పట్టుకుంటుంది. పైగా అలా గట్టిపడిన పొరలోంచి హైపో త్వరగా పోదు, పైన చెప్పిన మూడు కడుగులు సరిపోవు. వేడిని అదుపులో ఉంచగలిగితే పటిక అవసరమే లేదన్నది నా అభిప్రాయం.

ఆరాక తెల్లటి చుక్కలు, చారలు కనిపిస్తే అవి నీళ్లలోని లవణాలు. ఫ్లోరైడ్‌ను తిట్టుకోనవసరం లేదు. బోరు నీళ్లు ఆవిరైతే సున్నం లాంటివన్నీ ఫిల్ము మీదే మిగిలిపోతాయి. చివరి కడుగుకు ఆర్‌ఓ నీళ్లు తీసుకుని అందులో నీళ్లు చుక్కలుగా నిలవకుండా జారిపోయేలా చేసే వెటింగ్ ఏజెంట్ ఒకటి రెండు చుక్కలు వేయండి. మరకలు ఇప్పటికే పడి ఉంటే ఆర్‌ఓ నీళ్లలో మళ్లీ నానబెట్టండి. ఫ్యాన్ కింద మాత్రం ఆరేయొద్దు, దుమ్ము తడి జెలటిన్‌లో ఇరుక్కుంటే ఇక రాదు. నేల తడిపి తలుపు మూసిన బాత్‌రూమ్ నయం.

ఫిల్ము పాలు కలిసినట్టు మసకగా ఉంటే అది ఫిక్సింగ్ చాలకపోవడం. కొత్త ఫిక్సర్‌లో మళ్లీ వేసి కడిగితే బాగవుతుంది.

ఆరో పాఠంలోపు ఒక పని చేసి పెట్టుకోండి. ఫిల్ము మొదట్లో కత్తిరించి పడేసే ముక్కను మీ ఫిక్సర్‌లో వేసి, పూర్తిగా తేటపడటానికి ఎంతసేపు పట్టిందో సీసా మీద రాయండి. దానికి రెట్టింపు సమయం రోల్‌ను ఫిక్స్ చేయాలి. కొత్త ఫిక్సర్‌లో పట్టిన దానికి రెండింతలు పడుతున్న రోజున ఆ సీసాను మార్చేయండి.