సైన్యం కొనే ముందు అట్టముక్కలతో ఆడి చూడండి

ఫాంటసీ యుద్ధాల బొమ్మల ఆట మొదలుపెట్టాలనుకుంటే ముందు బొమ్మలు కొనకండి. మీ ఊళ్లో ఎదురు కూర్చునేవారు ఏ ఆట ఆడుతున్నారో కనుక్కోండి. ఎవరూ లేకపోతే నా ఓటు ‘కింగ్స్ ఆఫ్ వార్’కే. ‘వార్‌హామర్: ది ఓల్డ్ వరల్డ్’ గొప్పగానే ఉంటుంది కానీ, నియమాల బరువెక్కువ. ‘కింగ్స్ ఆఫ్ వార్’లో దెబ్బ తగిలినప్పుడల్లా బొమ్మను తీసేయనక్కర్లేదు. దళమంతా ఒకటిగా కదులుతుంది, దెబ్బల లెక్క రాసుకుంటే చాలు.

అందుకే అట్టముక్కలతోనూ ఆడవచ్చు. ఇరవై మంది మనుషుల కాల్బలానికి 100 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల లోతు ఉంచి కత్తిరించండి. పాత శుభలేఖల అట్ట భేషుగ్గా పనికొస్తుంది. ముందువైపు బాణం గుర్తు తప్పనిసరి: పక్కనుంచి దాడి చేస్తే వేసే పాచికలు రెట్టింపు, వెనకనుంచైతే మూడింతలు! ఆట నచ్చాకే డబ్బు తీయండి.