మెల్‌బోర్న్ చలిలో పిండి పొంగింది

తిరుపతిలో రాత్రి రుబ్బిపెడితే తెల్లారేసరికి ఇడ్లీ పిండి గిన్నె దాటి పొర్లేది. మెల్‌బోర్న్‌లో జులై అంటే నడి చలికాలం. రెండు రోజులైనా పిండిలో చలనం లేదు. రాత్రి షిఫ్టు నుంచి వచ్చి మా ఆయన మళ్లీ బ్రెడ్డే తింటుంటే ప్రాణం ఉసూరుమంది.

అమ్మకు ఫోన్ చేశా. అక్కడ పొద్దున 6:30, ఇక్కడ 11. "గరిటెతో కలిపినావా? చేత్తో కలుపు, వెచ్చగా పెట్టు" అనింది.

చేత్తో బాగా కలిపి, గిన్నె సగమే నింపా. ఓవెన్ ఆన్ చేయలేదు, లోపలి లైటు మాత్రం వేసి అందులో పెట్టా. పాత రకం బల్బు కాబట్టి సరిపోయింది. ఎల్‌ఈడీ అయితే అంత వేడి రాదు.

14 గంటల తర్వాత మూత తీస్తే అంచుదాకా బుడగలు, మా ఇంటి పుల్లటి వాసన! చెనిక్కాయల చట్నీతో ఆయన 8 ఇడ్లీలు తిన్నారు.