తాగుడు మానాలనుకునేవారి మీటింగ్‌ను ఎలా వెతకాలి, మొదటిసారి ఎలా వెళ్లాలి?

"ముందు మానేస్తాను, తర్వాత మీటింగ్‌కి వెళ్తాను" అనుకుని ఏళ్లు గడిపేసేవారు చాలామంది. అలా ఆగాల్సిన పని లేదు. ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో, అంటే అందరూ ఏఏ అనే సంస్థలో, చేరడానికి ఒక్కటే షరతు: తాగుడు మానాలన్న కోరిక ఉండాలి. నిన్న రాత్రి తాగినవారు కూడా ఇవాళ వెళ్లొచ్చు.

1. ముందు డాక్టర్‌తో మాట్లాడండి

రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదకు రావచ్చు. కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు పట్టడం మొదలవుతాయి. కొందరికి మొదటి 48 గంటల్లో ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం, తికమక, జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మీటింగ్‌లో తోడు దొరుకుతుంది, వైద్యం దొరకదు. ఎంత తాగుతున్నారో డాక్టర్‌కి తగ్గించి చెప్పకండి.

2. గ్రూప్ వెతకండి

ఏఏ 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో మొదలైంది. బిల్ అనే స్టాక్ బ్రోకర్, బాబ్ అనే సర్జన్, ఇద్దరూ తాగుడుతో నలిగినవారే, ఒకరికొకరు తోడుగా నిలబడి మానగలిగారు. ఇప్పటికీ అక్కడ జరిగేది అదే: తాగినవాడి బాధ తాగినవాడికి చెప్పుకోవడం. ఇవాళ దాదాపు 180 దేశాల్లో ఏఏ గ్రూపులున్నాయి. మీ దేశపు ఏఏ వెబ్‌సైట్‌లో మీటింగ్‌ల జాబితా, హెల్ప్‌లైన్ నంబర్ ఉన్నాయేమో చూడండి. దగ్గర్లో ఏమీ లేకపోతే ఆన్‌లైన్ మీటింగ్‌లు ఉన్నాయి.

జాబితాలో 'ఓపెన్' అని ఉంటే ఎవరైనా రావచ్చు, ఇంట్లోవాళ్లను కూడా తీసుకెళ్లొచ్చు. 'క్లోజ్డ్' అంటే తాగుడు మానాలనుకునేవారికి మాత్రమే.

తాగుడు మానడానికి ఏఏ సూచించే పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంది. ఆ దేవుణ్ని ఎవరికి అర్థమైనట్టు వాళ్లు తీసుకోవచ్చు. నమ్మకం లేనివారూ అక్కడ ఉన్నారు. అయినా ఇబ్బందిగా అనిపిస్తే స్మార్ట్ రికవరీ అనే మరో సంస్థ మీటింగ్‌లు చూడండి, అక్కడ ఆలోచనలను, అలవాట్లను మార్చుకునే పద్ధతులు నేర్పుతారు. ఆడవాళ్ల కోసం 1975లో మొదలైన విమెన్ ఫర్ సోబ్రైటీ ఉంది. తాగేవారి కుటుంబాలకు అల్-అనాన్ వేరుగా ఉంది. తాగే మనిషి రానన్నా, ఇంట్లోవాళ్లు అక్కడికి వెళ్లొచ్చు.

3. వెళ్లే రోజు

వీలైతే ముందే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి "మొదటిసారి వస్తున్నాను" అని చెప్పండి. గుమ్మం దగ్గర ఎవరైనా ఎదురుచూస్తారని తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. పది నిమిషాలు ముందే చేరుకోండి. ఆ రోజు తాగి ఉంటే సొంత బండి నడపకండి. చాలా గ్రూపుల్లో తాగి వచ్చినవారిని మాట్లాడొద్దంటారు గానీ కూర్చుని వినమంటారు.

4. లోపల ఏం జరుగుతుంది?

మీటింగ్ మామూలుగా గంట, గంటన్నర ఉంటుంది. పేరు ఒక్కటి చెబితే చాలు, ఇంటిపేరు, ఉద్యోగం ఎవరూ అడగరు. ఒక్కొక్కరు తమ సంగతి చెప్పుకుంటారు. మధ్యలో అడ్డురావడం, సలహాలివ్వడం ఉండదు. మీ వంతు వస్తే "ఇవాళ వింటాను" అనండి, సరిపోతుంది. ఫీజు లేదు. చందా పళ్లెం వస్తే కొత్తవారు ఏమీ వేయక్కర్లేదు. అక్కడ విన్నది, చూసిన ముఖాలు బయట ప్రస్తావించకూడదన్నది అందరూ పాటించే మాట. మీరూ పాటించండి.

5. అయిపోగానే లేచి వెళ్లిపోకండి

నా దృష్టిలో అసలు మీటింగ్ కుర్చీలు సర్దేటప్పుడు మొదలవుతుంది. అప్పుడే ఎవరో పక్కకొచ్చి "ఎలా ఉన్నారు?" అని అడుగుతారు. ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు అడిగి తీసుకోండి. మొహమాటపడకండి, వాళ్లకూ ఒకప్పుడు ఎవరో అలాగే ఇచ్చారు. తాగాలన్న తపన రాత్రి పదకొండింటికి రావచ్చు, అప్పుడు మీటింగ్ ఉండదు. తాగకముందే ఆ నంబర్‌కి ఫోన్ చేయాలి. ముందురోజే ఒకసారి ఊరికే పలకరించి ఉంటే ఆ రాత్రి ఫోన్ చేయడం కష్టమనిపించదు.

కొన్నాళ్లు వెళ్లాక స్పాన్సర్‌ను ఎంచుకోవచ్చు, అంటే మానేసి చాలాకాలమై, మెట్లలో మీకు తోడుండే మనిషి. మగవారికి మగవారు, ఆడవారికి ఆడవారు ఉండడం మంచిదంటారు. ఎవరైనా డబ్బు అడిగినా, చనువు మితిమీరినా, డాక్టర్ రాసిన మందులు ఆపమన్నా వినకండి. మందుల విషయం డాక్టర్‌దే.

6. నచ్చకపోతే

ఒక్క గ్రూప్ చూసి తీర్పు చెప్పకండి. ఒకచోట అంతా పెద్దవయసువారే ఉంటారు, మరోచోట మాటలు మనసుకు ఎక్కవు. కనీసం మూడు నాలుగు గ్రూపులు చూడండి. వైద్య పరిశోధనలను పరిశీలించే కోక్రేన్ అనే సంస్థ 27 అధ్యయనాలను కలిపి చూసిన 2020 నాటి సమీక్షలో, మనుషులను ఏఏతో కలిపే పద్ధతి ప్రకారం సాగిన చికిత్సలు, పూర్తిగా మానేసి ఉండేలా చేయడంలో ఇతర పద్ధతులకన్నా మెరుగని తేలింది.

మధ్యలో మళ్లీ తాగితే సిగ్గుతో మొహం చాటేయకండి. అదే గ్రూప్‌కి, తర్వాతి మీటింగ్‌కే వెళ్లండి, జరిగింది చెప్పండి. ఆ గదిలో అది విని ఆశ్చర్యపోయేవారు ఉండరు.